అందరి చేతిలోనూ ఫోన్ ఉంటే విలేకరికి ఇక పనేమిటి? పర్లాకిమిడి నుంచి నా జవాబు

మీరు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను. మీది ఒడిశాలోని గుణుపురం. డిగ్రీ అయింది. ఊరి వార్తలు పెట్టే ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడుపుతున్నారు, ఏడెనిమిది వేల మంది చూస్తున్నారు. ఈమధ్య ఒక తెలుగు పత్రికకు కంట్రిబ్యూటర్‌గా, అంటే నెల జీతం లేని ఊరి విలేకరిగా, రమ్మన్నారు. "ఏది జరిగినా పేపర్ కంటే ముందు నా పేజీలోనే వస్తోంది కదా, ఇంక విలేకరి అవసరం ఏముంది? పేపర్లో చేరాలా, యూట్యూబ్ ఛానల్ పెట్టుకోవాలా? ఏ కెమెరా కొనమంటారు?" ఇదీ మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను తమ్ముడూ. అందరికంటే ముందు చెప్పడమనే పని విలేకరి చేతిలోంచి పోయింది. అది మళ్లీ రాదు. దాని బదులు వేరే పని వచ్చి పడింది, అది పాతదానికంటే ఎక్కువే. వచ్చినదాంట్లో ఏది నిజమో తేల్చాలి. జరగనిది జరగలేదని మన పేరు పెట్టి చెప్పాలి. ఫోన్ సిగ్నల్ లేని ఊళ్లకు కాళ్లతో వెళ్లాలి. ఇక చేరాలా వద్దా అంటే, రెండేళ్లు చేరండి, మీ పేజీ మాత్రం ఆపకండి. ఎందుకో కాస్త విడమరిచి చెప్తాను. నాకు ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో ఈ పనిలో ఇరవై ఆరేళ్లు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను చేరిన కొత్తలో వార్తను కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం సైకిల్ మీద పాతపట్నం వెళ్లి శ్రీకాకుళం బస్సు డ్రైవరు చేతిలో పెట్టేవాణ్ని. కవరు మీద ఎర్ర స్కెచ్‌తో "న్యూస్ కవర్ - అర్జంట్" అని రాయాలి. బస్సు టెక్కలిలో ఆగిపోతే నా వార్త కూడా టెక్కలిలో ఆగిపోయేది. ఫోటో ఉంటే రీలు కూడా అందులోనే. మర్నాడు పేపర్లో మూడు లైన్లు వస్తే, ఊరంతా నా ద్వారానే ఆ విషయం తెలుసుకుందని అనుకునేవాణ్ని. నిజానికి ఊళ్లో వాళ్లకి రాత్రే తెలిసిపోయేది, పేపర్ చూసి ఖాయం చేసుకునేవాళ్లు. ఈ తేడా అప్పట్లో నా బుర్రకి ఎక్కలేదు. ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు మొత్తం ఆ తేడాలోనే ఉంది.

ఒక రాత్రి జరిగింది చెప్తాను. రెండేళ్ల కిందట, వానాకాలం. భోజనం చేసి లేచానో లేదో ఫోన్ మోగడం మొదలైంది. వాట్సాప్‌లో ఒక ఫోటో తిరుగుతోంది. బస్సు లోయలో పడి ఉంది, కింద తెలుగులో "బ్రేకింగ్: రాయగడ ఘాట్‌లో ఘోరం, 20 మంది మృతి". పది నిమిషాల్లో నాకు పద్నాలుగు గ్రూపుల్లో వచ్చింది. పాతపట్నం నుంచి ఒకాయన ఏడుస్తూ ఫోన్ చేశాడు, కూతురూ అల్లుడూ ఆ పూట బస్సులో బయల్దేరారట.

ఇక్కడ మన ప్రాంతానికి ఒక చిక్కుంది, మీకు తెలిసే ఉంటుంది. రాయగడ అంటే మీ జిల్లా కేంద్రం. మా గజపతి జిల్లాలో కూడా రాయగడ అనే బ్లాకు (అటువైపు మండలం లాంటిది) ఉంది. ఉదయగిరిదీ ఇదే తంతు: ఆర్.ఉదయగిరి మా జిల్లాలో, జి.ఉదయగిరి కంధమాల్‌లో, ఉత్త ఉదయగిరి నెల్లూరు జిల్లాలో. జయపురమైతే చెప్పక్కర్లేదు, మన కొరాపుట్ జయపురం వార్తని రాజస్థాన్ జైపూర్ అనుకుని హైదరాబాద్‌లో పెట్టేసిన వాళ్లని చూశాను. ఫార్వర్డ్ చేసేవాడికి ఈ గొడవ పట్టదు. బస్సులో పిల్లనెక్కించిన తండ్రికి పడుతుంది.

మా రాయగడ థానాకి ఫోన్ చేశాను. డ్యూటీలో ఉన్నాయన "అలాంటిదేం లేదు, మీరు ఆరోవారు" అన్నాడు. తర్వాత మీ రాయగడలో తెలిసిన ఐఐసీకి (థానా ఇన్‌స్పెక్టర్‌కి) చేశాను, ఎత్తలేదు. జిల్లా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ కాంపౌండర్ ఎత్తాడు. ఇరవై మంది పోయిన ప్రమాదం జరిగితే ఆస్పత్రికి కనీసం ఐదారుగురు గాయపడినవాళ్లు రావాలి కదా. ఒక్కరూ రాలేదన్నాడు. 108 వాళ్లని అడిగాను, ఆ దారిలో బండి పంపలేదన్నారు. అప్పుడు తీరిగ్గా ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. బస్సు వెనక నెంబరు ప్లేటు సగమే కనిపిస్తోంది. మొదటి రెండక్షరాలు యూకే. మనకి ఓడీ 20 అంటే గజపతి, ఓడీ 18 రాయగడ, ఓడీ 10 కొరాపుట్, ఓడీ 07 గంజాం. పాత బండ్లయితే ఓఆర్. అటువైపు ఏపీ 30 శ్రీకాకుళం, 2019 నుంచి వచ్చినవి చాలావరకు ఏపీ 39. యూకే అంటే ఉత్తరాఖండ్. ఫోటోలో చెట్లు కూడా దేవదారు చెట్లు, మన కొండల మీద అవి ఎక్కడుంటాయి?

నలభై నిమిషాలు పట్టింది. నా పేజీలో నాలుగు లైన్లు పెట్టాను: రెండు రాయగడల్లోనూ ఈ రాత్రి బస్సు ప్రమాదం జరగలేదు, ఫలానా ఫలానా చోట అడిగాను, ఫోటోలో ఉన్నది ఉత్తరాఖండ్ బండి, ఇట్లు నా పేరు, నా నెంబరు. పాతపట్నం ఆయనకి ముందు ఫోన్ చేసి చెప్పాకే పెట్టాను. మర్నాడు పేపర్లో ఏం రాలేదు, రావడానికి అక్కడ వార్తే లేదు. అచ్చయిన లైన్లని బట్టి డబ్బిచ్చే లైన్ అకౌంట్లో ఆ రాత్రికి సున్నా. ఇప్పుడు నా పనిలో సగం ఇలాంటి రాయని వార్తలే. మీరు చేరే ముందు ఇది తెలుసుకోవాలి, ఎందుకంటే దీనికి బైలైన్ (వార్త మీద మన పేరు) ఉండదు, వ్యూస్ కూడా పెద్దగా రావు. ఆ రాత్రి పుకారు ఎన్ని వేల మందికి చేరిందో గానీ, నా ఖండన మూడొందల మంది చూశారు.

పుకారు అనేది ఉత్త టైంపాస్ కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లొచ్చారన్న మెసేజిలు దేశమంతా తిరిగాయి. అందులో ఎక్కువగా తిరిగిన ఒక వీడియో, పాకిస్తాన్‌లో కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రంలోంచి కత్తిరించిన ముక్క. మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో ఆ ఏడాది జులై 1న ఐదుగురు సంచార జాతివాళ్లని పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి కొట్టి చంపేశారు. ఆ తర్వాతే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒకసారికి ఐదు చాట్లకే పంపేలా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి, బాగా తిరిగిన మెసేజి అయితే ఒకసారికి ఒక చాట్‌కే.

మన సరిహద్దులో దీనికి భాష ఒకటి తోడవుతుంది. ఒరియాలో "పిలా చోర" (పిల్లల దొంగ) అని ఒక ఆడియో వస్తుంది. ఒరియా సగం వచ్చినవాడు తెలుగులో పెట్టేటప్పుడు "మన ఊరి దగ్గర పట్టుకున్నారట" అని ఒక ముక్క తగిలిస్తాడు. అది పాతపట్నం దాటేసరికి ఊరి పేరు కూడా వచ్చి చేరుతుంది. ఆ 2018లోనే ఒక సంతలో దుప్పట్లు అమ్ముకునే ఇద్దరు ఉత్తరాదివాళ్ల చుట్టూ జనం మూగారు. నేను వార్త కోసం వెళ్లలేదు, కూరగాయలకి వెళ్లాను. వాళ్లు హిందీలో చెప్పింది జనానికి ఒరియాలో, తెలుగులో చెప్పి, థానాకి ఫోన్ చేసి, జీపు వచ్చేదాకా వాళ్ల పక్కనే నిలబడ్డాను. ఒక కుర్రాడు అప్పటికే లైవ్ పెట్టేశాడు. "ఏటి గురువుగారూ, మీరు రాయడం మానేసి ఇలా అడ్డం పడిపోతారేటి?" అని నన్నే అడిగాడు. వాడిప్పుడు బరంపురంలో మంచి వీడియో జర్నలిస్టు, వాడి మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ మూడు భాషలు వచ్చిన విలేకరి విలువ సోషల్ మీడియా వచ్చాక తగ్గలేదు, పెరిగింది. మీకు తెలుగు, ఒరియా రెండూ వచ్చంటున్నారు కాబట్టి చెప్తున్నా. కొంచెం సవర కూడా నేర్చుకోండి.

భాష మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. సవర భాష మీద పనిచేసిందీ, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడిందీ ఇక్కడి నుంచే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇవాళ మన కుర్రాళ్లు ఫేస్‌బుక్‌లో రాసే తెలుగు చూస్తే వ్యాకరణం సంగతి అలా ఉంచి, మాట్లాడినట్టే రాస్తున్నందుకు సంతోషించేవారేమో అనిపిస్తుంది. సరే, అసలు విషయంలోకి వద్దాం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పకపోతే పైనంతా గొప్పలు చెప్పుకున్నట్టే.

ఏడెనిమిదేళ్ల కిందట కాశీనగర్ దగ్గర వంశధారలో ఒక కుర్రాడు మునిగిపోయాడు. గట్టు మీద బైకు ఉంది. అక్కడున్నవాళ్లలో ఒకాయన బైకు ఆర్సీ తీసి పేరు చదివాడు. నేను ఆ పేరు, ఊరు పెట్టి మా ప్రెస్ గ్రూపులో ఒక లైను కొట్టాను. గ్రూపులో మనవాళ్లేగా అనుకున్నాను. పది నిమిషాల్లో అది ఎవరిదో స్టేటస్‌లోకి ఎక్కింది. బైకు అన్నయ్యది, తీసుకెళ్లింది తమ్ముడు. అన్న బతికే ఉన్నాడు, పొలంలో ఉన్నాడు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్న వాళ్ల చెల్లెలు స్టేటస్ చూసి, పెద్దన్న పోయాడనుకుని బస్సెక్కింది. దిగాక తెలిసింది పోయింది చిన్నన్న అని.

కార్యాలు అయ్యాక ఆ అన్న మా ఇంటికి వచ్చాడు. గొడవ పెడతాడనుకున్నాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపించాడు. "ఇంకా తిరుగుతోందండి. నా పేరు తీసేయండి" అన్నాడు. నేను ఎప్పుడో డిలీట్ చేశాను. స్క్రీన్‌షాట్లని ఎవరు డిలీట్ చేస్తారు? అతనికి ఏం చెప్పాలో తెలియక మంచినీళ్లు ఇచ్చాను. తాగి వెళ్లిపోయాడు.

గమనించండి, మర్నాటి పేపర్లో పేరు సరిగ్గానే వచ్చింది. రాత్రి డెస్క్‌లో, అంటే వార్తలు సరిచూసి దిద్దే చోట, సబ్ ఎడిటర్ "పోలీసులు చెప్పారా, ఎవరు చెప్పారు?" అని అడిగాడు. అప్పుడు మళ్లీ థానాకి ఫోన్ చేసి దిద్దుకున్నాను. ఆ ఆలస్యాన్ని మేమంతా తిట్టుకునేవాళ్లం, డెడ్‌లైనూ డెస్కూ మా ప్రాణానికి అని. అవే మమ్మల్ని కాపాడేవి. ఫోన్లో డెస్క్ లేదు. అందుకే మీ పేజీకి మీరే ఒక డెస్క్ పెట్టుకోవాలి: చనిపోయినవారి పేరు, ఇంట్లోవాళ్లకి తెలిసిందని థానా చెప్పేదాకా, పెట్టకండి. ఎవరు ముందు పెట్టినా సరే. నాకు ఇప్పుడు ఇందులో సడలింపు లేదు.

వీడియో వల్ల మంచి జరగలేదా అంటే, చాలా జరిగింది. మీ పక్క జిల్లా కలహండిలోనే చూడండి. 2016 ఆగస్టులో భవానీపట్నం ఆస్పత్రిలో భార్య చనిపోతే, బండి దొరక్క ఒక గిరిజనుడు శవాన్ని భుజాన వేసుకుని, కూతుర్ని పక్కన నడిపించుకుంటూ పది కిలోమీటర్ల పైన నడిచాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. దారిలో అతన్ని చూసిన స్థానిక విలేకరులు కలెక్టర్‌కి ఫోన్ చేశారు, మిగిలిన దారికి అంబులెన్స్ వచ్చింది. వైరల్ అయిన వీడియో గురించి అందరూ మాట్లాడారు, ఆ ఫోన్ గురించి తక్కువ మంది మాట్లాడారు. కెమెరా ఉన్న చేతిలోనే కలెక్టర్ నెంబరు కూడా ఉండటం, ఆ నెంబరుకి చేస్తే అవతల ఎత్తేలా ఏళ్ల తరబడి పరిచయం ఉండటం, ఇది మీ పేజీకి ఇంకా రాలేదు. పేపర్లో రెండేళ్లు చేరమన్నది ఇందుకే. ప్రెస్ కార్డు కోసం కాదు, థానా, బ్లాకు, ఆస్పత్రి, కోర్టు రోజూ తిరిగే అలవాటు కోసం.

ఇంకొకటి. ఇదివరకు ప్రభుత్వం చెప్పేది మా ద్వారా జనానికి వెళ్లేది. ఇప్పుడు కలెక్టర్లు, ఎస్పీలు, మంత్రులు అందరూ నేరుగా ఎక్స్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టేసుకుంటున్నారు. ప్రెస్‌మీట్లు తగ్గాయి. కొందరు విలేకరులు ఆ పోస్టునే తెలుగు చేసి వార్త అంటున్నారు. అలాంటి విలేకరి అవసరం నిజంగానే లేదు, ఆ పని ఇప్పుడు ఫోన్లో అనువాదం బొత్తామే చేస్తుంది. మన పని పోస్టు కింద మొదలవుతుంది. ఒక శాఖ వాళ్లు కొండ మీద ఊరికి రోడ్డు పూర్తయిందని రిబ్బన్ కత్తిరించే ఫోటో పెట్టారు. లైకులు, దండాలు, జిందాబాద్‌లు. నేను మర్నాడు బండేసుకుని వెళ్తే రోడ్డు బాగానే ఉంది, మధ్యలో గెడ్డ మీద కల్వర్టు లేదు. వానొస్తే రోడ్డు రెండు ముక్కలు. ఫోటో అబద్ధం కాదు, తీసిన చోటు అలాంటిది.

కొఠియా సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కొరాపుట్ జిల్లా పొట్టంగి వైపు, అవతల పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు వైపు, మధ్యలో 21 ఊళ్లు. అవి మావంటే మావని రెండు రాష్ట్రాల మధ్య 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన తగవు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే, ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్లీ సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ రోజుల్లో ఒకే వీడియో నాకు రెండు రకాలుగా వచ్చేది. తెలుగు పేజీల్లో "ఒడిశా పోలీసుల దౌర్జన్యం", ఒరియా పేజీల్లో "ఆంధ్ర అధికారుల చొరబాటు". వీడియోలో నిజానికి కనపడేది తోపులాట, అరుపులు, ఒక జీపు. అంతే. ఎటువైపు వాళ్లు అటువైపు శీర్షిక పెట్టుకున్నారు. ఇటు విలేకరులు కూడా అటు ఫోన్ చేయడం మానేశారు, కామెంట్లలో "నువ్వు ఆంధ్రా ఏజెంటువా" అంటారని భయం. నన్నూ అన్నారు. ఒడిశాలో పుట్టి, ఒడిశాలో ఓటేసి, తెలుగులో రాసేవాడికి రెండువైపులా ఆ మాట తప్పదు. అక్కడి ఊళ్లవాళ్లని అడిగితే రెండువైపుల రేషన్ కార్డులూ ఉన్నాయి, రెండువైపుల పింఛన్లూ వస్తున్నాయి, ఏది ఆగిపోతుందోనన్న బెంగే వాళ్లది. అది ఏ పేజీలోనూ ట్రెండ్ కాలేదు.

ఇప్పుడు ఫోన్లకు అందని ఊళ్ల గురించి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన వీడియోలు బయటికొచ్చాక అందరికీ తెలిసింది అదే. మా గజపతి జిల్లా కొండల్లో వాన దంచేసి, కొండచరియలు విరిగిపడి జనం చచ్చిపోయారు. టవర్లు పడిపోయాయి, కరెంటు లేదు, రోడ్లు తెగిపోయాయి. ఆ ఊళ్ల నుంచి వీడియో రాలేదు, పోస్టు రాలేదు, అందుకని అక్కడేం జరగలేదన్నట్టే ఉంది ఫేస్‌బుక్ చూస్తే. మేం ముగ్గురం బండ్లు ఒకచోట వదిలేసి నడిచాం. దారిలో ఎదురైన ముసలాయన సవరలో ఏదో చెప్పి కొండవైపు చెయ్యి చూపించాడు. మాలో ఒకరికి సవర వచ్చు కాబట్టి అర్థమైంది. లేకపోతే నమస్కారం పెట్టి వెళ్లిపోయేవాళ్లం.

సోషల్ మీడియాలో గట్టిగా వినపడే ఊరే పెద్ద కష్టంలో ఉందని అనుకోకండి. నెట్‌వర్క్ ఉన్న ఊరి కష్టం అది. మీ గుణుపురం పైన కొండల్లో ఇప్పటికీ అలాంటి ఊళ్లున్నాయి, నాకంటే మీకే బాగా తెలుసు. మీ ఏడెనిమిది వేల ఫాలోవర్లలో ఆ ఊళ్ల నుంచి ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. 2023 జూన్ 2న బాలేశ్వర్ జిల్లా బహానగా బజార్‌లో కోరమండల్ రైలు ప్రమాదం గుర్తుంది కదా. పైనుంచి తీసిన ఫోటోలో పట్టాల పక్కన తెల్ల కట్టడం కనిపిస్తే అది మసీదని ప్రచారం చేశారు. అది ఇస్కాన్ గుడి. ఒడిశా పోలీసులు మతం రంగు పులిమితే కేసులు పెడతామని హెచ్చరించాల్సి వచ్చింది. శవాలు ఇంకా తీస్తుండగానే ఈ గొడవ. అప్పుడు నాకు తెలుగు రాష్ట్రాల నుంచి ఫోన్ చేసినవాళ్లలో సగం మంది అడిగింది మృతుల జాబితా, మిగతా సగం ఆ తెల్ల బిల్డింగ్. ఇప్పుడు ఏఐ వీడియోలు కూడా వచ్చాయి కాబట్టి కంటితో చూసి తేల్చే రోజులు కూడా పోతున్నాయి. నెంబరు ప్లేట్లు కూడా తప్పుడివి పుట్టిస్తాయి. ఆస్పత్రి కాంపౌండర్‌కి చేసే ఫోన్ మాత్రం ఇంకా పనిచేస్తోంది.

ఇక డబ్బు సంగతి. దాచకుండా చెప్తాను, ఎందుకంటే దీని గురించి పెద్దవాళ్లు ఎవరూ చెప్పరు. కంట్రిబ్యూటర్ పనితో ఇల్లు గడవదు. లైన్ అకౌంట్ కింద నాకు ఒక నెల పద్నాలుగు వందలు వచ్చింది, ఆ నెల నా పెట్రోలు అంతకంటే ఎక్కువ. కొన్నిచోట్ల ప్రకటనలు తెమ్మని టార్గెట్ కూడా పెడతారు. ఎవరి మీద వార్త రాయాలో వాళ్లనే పండక్కి ప్రకటన అడగాలి. మా ఆవిడ కుట్టుమిషనూ, నా ఇన్సూరెన్స్ ఏజెన్సీయే మమ్మల్ని నడిపించాయి. యూట్యూబ్ మేలా అంటే, ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. లేదా షార్ట్స్ అయితే మూడు నెలల్లో కోటి వ్యూస్. గుణుపురం నీళ్ల సమస్యకి అన్ని గంటలు రావు. అప్పుడేం జరుగుతుందో మీకు తెలుసు: థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం, "షాకింగ్", లేదంటే మొగుడూ పెళ్లాల గొడవ. తర్వాత మెట్టు ఇంకా అధ్వానం, మైకు లోగో పట్టుకుని రేషన్ షాపుకి వెళ్లి "వీడియో వేస్తాం" అని బేరం. ఆ మెట్టు దిగినవాళ్ల వల్ల మా అందరికీ ఇప్పుడు ఊళ్లలో కుర్చీ వేయడం మానేశారు.

"రిజిస్టర్డ్ ఛానల్, ప్రెస్ కార్డు ఇప్పిస్తాం, ఐదు వేలు" అని మీకు మెసేజిలు వస్తుంటాయి. ఒక్క రూపాయి ఇవ్వకండి. 1867 నాటి చట్టం స్థానంలో వచ్చిన పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, అది అచ్చు పత్రికలకు. యూట్యూబ్ ఛానల్‌కి అందులో నమోదు లేదు. డిజిటల్ వార్తలకి వర్తించేవి 2021 ఐటీ నిబంధనలు, వాటి ప్రకారం ఫిర్యాదులు తీసుకునే అధికారిని పెట్టాలి, వివరాలు ప్రచురించాలి. ఎక్స్‌లో నీలి టిక్కు కూడా 2023 నుంచి డబ్బు కట్టినవాళ్లకి వచ్చేదే ఎక్కువ, కాబట్టి ఎదుటి అకౌంట్‌కి టిక్కు ఉందని నమ్మేసి పెట్టకండి.

చట్టం విషయంలో రెండు మాత్రం నిద్రలో లేపి అడిగినా గుర్తుండాలి. లైంగిక దాడి బాధితుల పేరు, ముఖం, ఊరు, బడి, చివరికి వీధి కూడా, ఎవరో తెలిసిపోయేలా ఏదీ పెట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72, పిల్లలైతే పోక్సో సెక్షన్ 23. "బ్లర్ చేశాను కదా" అంటారు, వెనక ఇంటి అరుగు కనపడితే ఊళ్లో ఎవరికి తెలియదు? రెండోది పరువు నష్టం, సెక్షన్ 356. పేపర్లో రాసి కేసు వస్తే కనీసం వాళ్ల లాయరు ఉంటాడు, అదీ కొందరికే. మీ పేజీ మీద వస్తే మీరూ, మీ నాన్నగారూ కోర్టు మెట్ల మీద.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఇదే. మన ఒడిశాకి ఆనుకుని ఉన్న ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో ముకేశ్ చంద్రాకర్ "బస్తర్ జంక్షన్" అని యూట్యూబ్ ఛానల్ నడిపేవాడు. 2021లో మావోయిస్టుల దగ్గర చిక్కిన సీఆర్‌పీఎఫ్ జవాను విడుదలలో పాత్ర ఉన్నవాడు. రోడ్డు పనిలో అవినీతి మీద వార్త ఇచ్చాక, 2025 జనవరిలో బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరు స్థలంలో సెప్టిక్ ట్యాంక్‌లో అతని శవం దొరికింది. ఆ కుర్రాడికి భాష తెలుసు, అడవి తెలుసు, జనం తెలుసు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. మీరు రోడ్ల మీద, ఇసుక మీద వార్త చేసేటప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో ఇద్దరికి చెప్పి వెళ్లండి, ఒంటరిగా "మాట్లాడుకుందాం రా" అంటే వెళ్లకండి, అదే వార్త ఇంకో ఇద్దరు విలేకరుల చేతిలో కూడా ఉండేలా చూసుకోండి. ఒక్కడి దగ్గరే ఉన్న వార్త ఆ ఒక్కడికీ ప్రమాదం. మాకు ఎక్స్‌క్లూజివ్ అంటే గొప్ప, ఈ విషయంలో మాత్రం గొప్ప వద్దు.

కాబట్టి చేరండి అన్నాను. మీ పేజీ గురించి ముందే చెప్పండి, రాత్రికి వార్త పంపాకే పేజీలో పెడతానని మాట ఇవ్వండి. కొన్ని పత్రికలు ఒప్పుకోవు, ఒప్పుకోకపోతే వదిలేయండి, మీ పేజీ మీ ఆస్తి. తప్పు పెడితే డిలీట్ కొట్టి ఊరుకోకండి, తప్పు పెట్టానని అదే చోట రాయండి. కొత్తలో నలుగురు నవ్వుతారు. ఏడాది పోయాక ఏదైనా పుకారు వస్తే, ఆ నలుగురే ముందు మీకు ఫోన్ చేసి "నిజమేటి?" అని అడుగుతారు.

కెమెరా అడిగారు కదా. ఇప్పుడున్న ఫోన్ చాలు. కెమెరా డబ్బుతో ఒక కాలర్ మైకు కొనండి, గాలి చప్పుడులో మనిషి మాట వినపడకపోతే ఎంత మంచి వీడియో అయినా దండగ. ఒక పవర్ బ్యాంకు, రెయిన్‌కోటు. ఇంకా మిగిలితే పదిరూపాయల పాకెట్ నోట్‌బుక్కులు ఒక డజను. అందులో ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకి చెప్పారు రాసుకోండి. ఫోన్ వానలో తడిసి చచ్చిపోయిన రోజున నా దగ్గర మిగిలినవి అవే. సంక్రాంతి వెళ్లాక గుణుపురం వైపు రావాల్సిన పని ఉంది, అప్పుడు మీ థానా ఐఐసీ గారికీ, ఆస్పత్రిలో మా కాంపౌండర్‌కీ పరిచయం చేస్తాను.